తలకోన కొండ మీద ఒక చుట్టు దారి గుర్తించండి సార్

గౌరవనీయులైన అటవీ శాఖ మంత్రి గారికి,

తిరుపతి నుంచి నమస్కారాలు సార్. పోయిన కార్తీక మాసంలో మేం నలుగురం తలకోన వెళ్లాం. సిద్ధేశ్వరస్వామికి దండం పెట్టుకుని, జలపాతం దగ్గర తడిసి, అక్కడితో వెనక్కి రాకుండా పైకి ఎక్కాం. దారిలో తొడంత లావు గిల్లతీగలు చెట్లను చుట్టుకుని ఉన్నాయి. పైన బండ అంచుకు చేరితే ఒక పక్క దట్టమైన అడవి, ఇంకో పక్క కింద పల్లెల పొలాలు, దూరంగా ఎండకు మెరిసే చెరువు నీళ్లు, చుట్టూ ఎటు తిరిగినా శేషాచలం కొండలే. నడక దారిన తిరుమల ఎన్నిసార్లు ఎక్కానో లెక్కలేదు గానీ, మన కొండల్ని నాలుగు దిక్కులా ఇట్లా చూడటం నాకు అదే మొదలు.

ఎక్కిన దారినే దిగడం ఎందుకని ఇంకో బాట పట్టాం. తప్పు మాదే. అరగంటలో బోద గడ్డిలో బాట కనిపించకుండా పోయింది, ఫోన్లలో సిగ్నల్ లేదు, సాయంత్రం ఐదు దాటింది, మాలో ఒకరికి టెన్షన్‌తో కాళ్లు వణకడం మొదలైంది. ఉసిరికాయల గోతం భుజాన వేసుకుని ఎదురొచ్చిన ఒక పెద్దాయన "యాడికి పోతా ఉండారు నాయనా, ఆ పక్క లోయ" అని ఆపి, వంక వెంట దింపి గుడి దగ్గరకు చేర్చాడు. అంటే దారి ఉంది సార్. ఆయనకు తెలుసు, మాకు తెలీదు, అంతే.

అందుకే అడుగుతున్నా. గుడి దగ్గర మొదలై, జలపాతం పైకెక్కి, కొండ అంచు వెంట తిరిగి, వేరే వైపు నుంచి మళ్లీ గుడికే చేరేలా ఒక చుట్టు దారి గుర్తించండి. మెట్లు వద్దు, సిమెంటు వద్దు, అద్దాల వంతెన అసలే వద్దు. బండల మీద సున్నంతో బాణం గుర్తులు, బాట చీలే చోటల్లా ఒక చిన్న బోర్డు ఉంటే చాలు.

అడవి పాడవుతుందన్న భయం నాకూ ఉంది. 2010లో శేషాచలాన్ని బయోస్ఫియర్ రిజర్వుగా, అంటే జీవజాలాన్ని కాపాడాల్సిన ప్రాంతంగా ప్రకటించారు, ఎర్రచందనం సహజంగా పెరిగేది ఈ కొండల్లోనూ చుట్టుపక్కలా మాత్రమే. కాబట్టి రోజుకు ఇంతమందే అని పెట్టండి, గైడ్ లేకుండా ఎవర్నీ పంపొద్దు, ఆ గైడ్లు తలకోన దగ్గరి నెరబైలు చుట్టుపక్కల పల్లెల వాళ్లే కావాలి, ఆ నాలుగు రూపాయలు ఆ ఇళ్లకే చేరాలి. ఎండాకాలం మంటలు లేచే రోజుల్లో మూసేయండి. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుత ఒక చిన్నపాపను పొట్టన పెట్టుకుంది, ఆ బాధ ఊళ్లో ఇంకా పోలేదు, అందుకే బాగా తెల్లవారాకే గుంపుగా బయల్దేరి మధ్యాహ్నం మూడింటికల్లా దిగిపోవాలని గట్టి రూలు ఉండాలి. ఎర్రచందనం దుంగల దొంగలకు మనమే దారి చూపినట్టవుతుందని ఎవరైనా అంటారేమో. వాళ్లకు మన సున్నం గుర్తులు కావాలా సార్? రోజూ పదిమంది నడిచే చోట గొడ్డలి చప్పుడు ఎవరో ఒకరి చెవిన పడుతుంది.

ముందు మీ ఫారెస్టు సిబ్బందినీ, ఆ పెద్దాయన లాంటి దారి తెలిసిన ఇద్దర్నీ కలిపి ఒక రోజు ఆ కొండ చుట్టూ నడిపించండి. సున్నం డబ్బాలు మోయడానికి మేం నలుగురం వస్తాం.

ఇట్లు,
తిరుపతి వాసి ఒకరు