చేపల తొట్టెలో వేసే ఇసుక సంచిపై తెలుగులో ఒక్క మాట రాయాలి

సంపాదకులకు,

అయ్యా,

వేసవి సెలవులకు వచ్చిన మా మనవడు ముచ్చటపడగా, అడుగున్నర పొడవున్న గాజు తొట్టె ఒకటి కొని, అందులో నీటి మొక్కలు నాటి నాలుగు గప్పీ చేపలను పెంచాలని పూనుకున్నాము. తొట్టె అడుగున పరచడానికని నల్లని మట్టి గుళికల సంచి ఇచ్చిన దుకాణదారు "బాగా కడిగి వేయండి" అని చెప్పారు. నేను ఆ మాట నమ్మి గుళికలను బకెట్లో పోసి, బియ్యం కడిగినట్టు రెండు చేతులా రుద్ది కడిగాను. మూడో నీటికే సగం గుళికలు చితికి బురదైపోయాయి. అవి మొక్కలకు కావలసిన పోషకాలున్న మట్టితో చేసినవనీ, కడగకుండానే పరిచి, పైన ఒక పళ్లెం ఉంచి దాని మీదుగా నీటిని సన్నని ధారగా పోయాలనీ సంచి వెనుక ఇంగ్లిషులో చిన్న అక్షరాలతో రాసి ఉన్న సంగతి, ఆ బురదను కొబ్బరి చెట్టు మొదట్లో పారబోసిన తరువాత గాని మా కంట పడలేదు.

ఇసుక సంగతి దీనికి పూర్తిగా భిన్నం. దానిని కడగనిదే వేయకూడదు. మా వీధిలో ఇంటి కట్టుబడికి తోలిన నాగావళి ఇసుకనే కొంత అడిగి తెచ్చుకున్నాము. మొదట దోమతెర గుడ్డలో జల్లించి మెత్తటి దుమ్మును తీసివేశాము. మరీ సన్నని ఇసుక అడుగున బిగుసుకుపోతే వేళ్లకు గాలి అందదు, కొన్నాళ్లకు కదిలించినప్పుడు కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. తరువాత బకెట్లో మూడో వంతుకు మించకుండా ఇసుక పోసి, నీళ్లు పట్టి, అడుగు నుంచి చేత్తో కలియబెట్టి, కుడితిలా తేలిన నీటిని వెంటనే వంచేస్తూ పోయాము. చేయి పెట్టి కలిపినా అడుగు కనిపించేంత తేటగా నీరు నిలవడానికి పదిహేను సార్లు పట్టింది. సబ్బు గానీ బట్టల పొడి గానీ ఎంత మాత్రం తగలనివ్వరాదు. తొట్టె అడుగు 45 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే, రెండు అంగుళాల మందాన పరచడానికి దాదాపు పది కిలోల ఇసుక కావాలి. దుకాణాల్లో అంటగట్టే రెండు కిలోల పొట్లంతో మొక్క వేరు నిలవదు.

కళింగపట్నం వెళ్లినప్పుడు సముద్రపు ఇసుక సంచికెత్తుకు రావడం మన జిల్లాలో చాలామందికి అలవాటు. అందులోని గవ్వల ముక్కలు, ఆల్చిప్పల పొడి సున్నపు పదార్థాలు కనుక, ఎన్నిసార్లు కడిగినా అవి నెమ్మదిగా కరిగి నీటి కాఠిన్యాన్ని పెంచుతాయి. గప్పీలు దానిని తట్టుకుంటాయి గాని చాలా మొక్కలకు అది మంచిది కాదు. ఏ ఇసుకనైనా చారెడు ఆరబెట్టి కాస్త వెనిగర్ చుక్కలు వేసినప్పుడు బుసబుస పొంగితే అందులో సున్నం ఉన్నట్టే.

మట్టి గుళికలు వేసినవారు మరో విషయం గమనించాలి. వాటి నుంచి మొదటి వారాల్లో చేపలకు విషమైన అమోనియా వెలువడవచ్చు. అప్పుడు మొక్కలు నాటి, తరచుగా నీళ్లు మారుస్తూ, కొన్ని వారాలు ఆగిన తరువాతనే చేపలను వదలాలి. కొన్న రోజునే చేపలనూ సంచిలో కట్టి ఇచ్చే దుకాణదారులు ఈ మాట చెప్పరు. ఆ తొందరకు మా ఇంట్లో రెండు గప్పీలు బలయ్యాయి. మనవడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

దుకాణదారులకు నా విన్నపం ఒకటే. సంచి విప్పి కిలోల లెక్కన అమ్మేటప్పుడు కంపెనీ వారి సూచనలు కొనేవాడికి చేరవు కాబట్టి, ప్రతి పొట్లానికీ "కడిగి వేయాలి" లేదా "కడగరాదు" అని తెలుగులో చిన్న చీటీ అంటించండి. మీ పత్రిక జిల్లా పేజీలో ఈ లేఖకు చోటిస్తే ఈ మాట వారి చెవిన పడుతుందని ఆశిస్తున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
శ్రీకాకుళం