చిట్టీ, నీ కోడ్ చదివాను

చిట్టీ,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నాన్న మోకాలి నొప్పి అలాగే ఉంది, అయినా బీచ్ రోడ్డు నడక మానరు, అయిదున్నరకల్లా షూస్ వేసుకుని వెళ్తారు, దారిలో ఎవరో ఒకరు దొరుకుతారు, తిరిగొచ్చేసరికి ఎనిమిది. ఉక్కపోత మొదలైంది. రైతుబజార్లో ఆవకాయకి కాయలొచ్చాయి గాని టెంక ఇంకా గట్టిపడలేదు, కొన్నాళ్లు ఆగుదామని వచ్చేశాను. చందనోత్సవానికి ఈసారి సింహాచలం వెళ్లే ఓపిక మాకు లేదు, నువ్వొస్తే అది వేరే సంగతి.

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు. మెసేజ్ పెడితే బొటనవేలు బొమ్మ వస్తోంది. "తిన్నావా?" అంటే బొటనవేలు, "జ్వరం తగ్గిందా?" అంటే బొటనవేలు. పని ఎక్కువగా ఉందేమోలే, ఆఫీసులో. అందుకే తీరిగ్గా చదువుకుంటావని ఈ మెయిల్.

మొన్న సీతమ్మధార పెద్దమ్మ వచ్చింది. రవి వాళ్ల ఫ్లాటు గొడవ, పాత పాలవాడు మళ్లీ రావడం, ఇలా చాలా చెప్పింది, మధ్యలో నీ మాట కూడా ఒకటి దొర్లింది. నేను పెద్దగా పట్టించుకోలేదు. ఆవిడ సంగతి తెలిసిందేగా, చంటిగాడి పెళ్లి వాడికి తెలియకముందే కుదిర్చి, వాడికి తెలియకముందే చెడగొట్టింది కూడా.

అసలు రాస్తున్నది నీ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ లైబ్రరీ గురించి, అదే, ఒక ప్యాటర్న్ ఇస్తే దానికి సరిపోయే ముక్కని టెక్స్ట్‌లో వెతికిపెట్టేది. నువ్వు నాకు పంపలేదు, పంపుతావని కూడా అనుకోలేదు, చంటిగాడు కాపీ చేసి ఇచ్చాడు. ప్రింటు తీయించి పెన్సిల్ పట్టుకుని చదివాను, తెర మీద చదివితే నాకు తలకెక్కదు. బావుందే. నిజంగా బావుంది. సీలో, స్టాండర్డ్ లైబ్రరీ తప్ప ఇంకేమీ వాడకుండా, ఎక్కడైనా కంపైల్ అయ్యేలా రాయడం చిన్న పని కాదు. ఎర్రర్ వచ్చిన ప్రతి దారిలోనూ మెమరీ వదిలిపెట్టావు, అది చూసి నాన్నని పిలిచి మరీ చూపించాను. ఆయనకి ఏమీ అర్థం కాలేదు, "ఇంత ఎప్పుడు రాసిందే, ఆఫీసు ఉండదా?" అన్నారు. నేనేం మాట్లాడలేదు.

కాని పరీక్షలన్నీ ఇంగ్లీషు మాటలతోనే చేశావు. నేను నా పాత ల్యాప్‌టాప్‌లో "విశాఖపట్నం" అని ప్యాటర్న్ ఇచ్చి, అదే మాట ఉన్న ఫైల్లో వెతకమన్నాను. లేదంది. అదే కోడ్‌ని నాన్న రాస్‌బెర్రీ పై, ఆ అరచేతి కంప్యూటర్ మీద నడిపితే ఉందంది. ఒకే కోడ్, రెండు జవాబులు. రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు నేను. తర్వాత దొరికింది: నువ్వు 256 గళ్ల టేబుల్ పెట్టుకుని, టెక్స్ట్‌లోని క్యార్‌ని, అంటే ఒక్కో బైట్‌ని, నేరుగా ఇండెక్స్‌గా వాడావు. ఉత్త క్యార్ సైన్డ్‌గా (మైనస్ విలువలతో) ఉండాలో అన్‌సైన్డ్‌గా (మైనస్ లేకుండా) ఉండాలో సీ స్టాండర్డ్ చెప్పదు, కంపైలర్ ఇష్టానికి వదిలేసింది. లినక్స్‌లో నా ల్యాప్‌టాప్‌లోని ఇంటెల్ చిప్ మీద సైన్డ్, రాస్‌బెర్రీ పైలోని ఆర్మ్ చిప్ మీద అన్‌సైన్డ్. తెలుగు అక్షరం యూటీఎఫ్-8 లో, అంటే అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతిలో, ప్రతిసారీ 224 అనే బైట్‌తో మొదలవుతుంది, దాన్ని సైన్డ్‌గా చూస్తే మైనస్ 32. అంటే నీ టేబుల్‌కి ముందున్న ఏదో మెమరీ చదివి జవాబు చెబుతోంది. టేబుల్లోకి వెళ్లే ముందు అన్‌సైన్డ్ క్యార్‌కి మార్చు. అక్షరమా, అంకెనా అని చెప్పే ఈజ్‌ఆల్ఫా, ఈజ్‌డిజిట్ లాంటివి పిలిచే చోట కూడా అంతే, వాటికి మైనస్ విలువ ఇస్తే ఏం జరుగుతుందో స్టాండర్డ్ హామీ ఇవ్వదు.

ఇంకోటి, ఇది తప్పు కాదు, నువ్వు తేల్చుకోవాల్సిన విషయం. "విశాఖపట్నం" మన కంటికి 5 అక్షరాలు. యూనికోడ్ లెక్కలో గుడి, దీర్ఘం, పొల్లు, సున్నా అన్నీ విడివిడిగా లెక్కేసి 10 కోడ్ పాయింట్లు. బైట్లయితే 30. నీ ప్యాటర్న్‌లో చుక్క అంటే ఏదో ఒక అక్షరం అని, అది వీటిలో దేన్ని పట్టుకోవాలి? ఇప్పుడు బైట్‌ని పట్టుకుంటోంది, అంటే "వ"ని మధ్యకి నరికి మొదటి ముక్క తిరిగిస్తోంది. నా మాటైతే కోడ్ పాయింట్ దగ్గర ఆగు, యూటీఎఫ్-8 ని నువ్వే విప్పుకో, వైడ్ క్యారెక్టర్ల జోలికి పోకు. అవి విండోస్‌లో 16 బిట్లు, లినక్స్‌లో 32, అక్కడే నీ పోర్టబిలిటీ పోతుంది. ఏది ఎంచుకున్నా మాన్యువల్లో స్పష్టంగా రాయి. చెప్పకుండా ఊరుకుంటే అవతలివాళ్లు వాళ్లకి తోచింది ఊహించుకుంటారు, పెద్దమ్మ లాంటివాళ్లు మరీను.

ఇక నీ మ్యాచర్, ప్యాటర్న్‌ని టెక్స్ట్‌తో పోల్చే భాగం. రికర్షన్‌తో, అంటే ఫంక్షన్ తనని తానే పిలుచుకుంటూ, ఒక దారి పట్టుకుని వెళ్లడం, కుదరకపోతే వెనక్కొచ్చి ఇంకో దారి చూడడం, అదేగా నువ్వు రాసింది. అది చదువుతుంటే పోర్టు దగ్గర నేను చేసిన ఆఫీసు గుర్తొచ్చింది. నువ్వు పుట్టకముందు సంగతి, నీకు ముక్కలుగానే చెప్పి ఉంటాను. ఓడలో వచ్చే కంటైనర్ల జాబితాలు టైపిస్టులు కొట్టేవాళ్లు, వాటిలోంచి కంటైనర్ నంబర్లు ఏరి బిల్లు వెయ్యాలి. కంటైనర్ నంబర్ ప్రపంచమంతా ఒకటే పద్ధతి, 4 అక్షరాలు, 7 అంకెలు, చివరి అంకె తనిఖీ కోసం. ఇంత తేలిక ప్యాటర్న్ ఇంకోటి ఉండదు. కాని మా టైపిస్టులు అక్షరాల మధ్య ఖాళీలు వదిలేవాళ్లు, ఒక్కోసారి అయిదో అక్షరం కూడా కొట్టేవాళ్లు. హెడ్డాఫీసు నుంచి ఒకాయన వచ్చాడు, మేం సూట్‌కేసు బాబు అనేవాళ్లం, ఎప్పుడూ ఒళ్లో పెట్టుకునే కూర్చునేవాడు, బాత్రూముకి కూడా పట్టుకెళ్తాడని గౌరి అనేది, నేను చూడలేదులే. ఆయన ఎవరు ఎలా కొట్టినా దొరికేలా ప్యాటర్న్ రాశాడు: అక్షరాల గుంపుకి ఒక ప్లస్ (ఒకటైనా ఎన్నైనా సరే అని), దాని పక్కన ఉన్నా లేకున్నా సరే అని ఒక ఖాళీ, వీటి చుట్టూ బ్రాకెట్, బ్రాకెట్‌కి ఇంకో ప్లస్, ఆ తర్వాత అంకెలు. కొన్నాళ్లు బ్రహ్మాండంగా నడిచింది. అందరికీ సమోసాలు కూడా పెట్టించాడు.

ఒక రాత్రి ఓడ వచ్చే ముందు కంప్యూటర్ బిగుసుకుపోయింది. ఫ్యాన్ తిరుగుతోంది, తెర కదలదు. వైరస్ అన్నారు. కరెంటు హెచ్చుతగ్గులన్నారు. యూపీఎస్ వాడిని కంచరపాలెం నుంచి స్కూటర్ మీద రప్పించారు, వాడు వచ్చి యూపీఎస్ బాగుందని చెప్పి డబ్బులు తీసుకుని వెళ్లాడు. మెమరీ కార్డులు మార్చారు. మేనేజర్ గారు కొబ్బరికాయ కూడా కొట్టించారు, ఆ నీళ్లు కీబోర్డు మీద పడి అదో గొడవ. తెల్లవారుజామున గౌరి చూసి చెప్పింది, ఎన్నిసార్లు మొదలుపెట్టినా అదే లైను దగ్గర ఆగుతోందని. ఆ లైన్లో ఏముందయ్యా అంటే, రద్దయిన కంటైనర్‌ని కొట్టేయడానికి టైపిస్టు ఎక్స్ మీద వేలు పెట్టి వదల్లేదు. లైను పొడుగునా ఎక్స్‌లే, ఒక్క అంకె లేదు. ఆ లైను తీసేస్తే ప్రోగ్రాం చిటికెలో అయిపోయింది. వాళ్లు చేసిన పరిష్కారం ఏంటో తెలుసా? "ఎక్స్ కొట్టరాదు" అని గోడ మీద కాగితం అంటించారు. నేను ఆ ఆఫీసు మానేసేదాకా ఆ కాగితం ఉంది.

నేను గాజువాక బస్సులో కూర్చుని టికెట్ వెనకాల లెక్క వేశాను. రెండు ఎక్స్‌లని గుంపులుగా విడదీయడానికి 2 దారులు, మూడింటికి 4, నాలుగింటికి 8, ఒక్కోటి పెరిగితే రెట్టింపు. 30 అయ్యేసరికి 53 కోట్లు దాటుతుంది. చివర అంకె లేదు కాబట్టి అన్ని దారులూ చూసి చూసి లేదని చెప్పాలి. నీ మ్యాచర్‌కి అదే ప్యాటర్న్ ఇచ్చాను, 30 ఎక్స్‌లు పెట్టి. కాఫీ కలుపుకుని, తాగి, గ్లాసు కడిగి వచ్చినా తేల్లేదు. ఇది మా కాలం ముచ్చట అనుకోకు. 2019 జూలై 2న, వెబ్‌సైట్లకి కాపలా కాసే కంపెనీ క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ల సేవలు ప్రపంచమంతా 27 నిమిషాలు కుప్పకూలింది ఇలాంటి వెనక్కి తిరిగే ప్యాటర్న్ ఒకటి పెట్టడం వల్లే.

దీనికి మందు 1968లోనే ఉంది. కెన్ థాంప్సన్ ఒక చిన్న పేపర్లో రాశారు, ఐబీఎం 7094 కంప్యూటర్ కోసం. పూర్ణా మార్కెట్లో ఒక కొట్టు వెతకాలంటే ఒక్కడినే ప్రతి సందులోకీ పంపి వెనక్కి రప్పించకుండా, సందుకొకణ్ణి ఒకేసారి పంపి, ఇద్దరు ఒకే చోట కలిస్తే ఒకణ్ణి ఇంటికి పంపెయ్యడం. అంతే. టెక్స్ట్‌లో ఒక్కో అక్షరానికి ఇప్పుడు ఏయే స్థితుల్లో ఉండగలమో ఆ జాబితా మోసుకుంటూ వెళ్లాలి. జాబితా ప్యాటర్న్ సైజుని దాటదు, కాబట్టి ఎన్ని ఎక్స్‌లు వచ్చినా భయం లేదు. రికర్షన్ పోతుంది కాబట్టి పొడుగు టెక్స్ట్‌కి స్టాక్ పేలిపోదు కూడా. బ్యాక్‌రిఫరెన్సులు, అంటే ముందు దొరికిన ముక్కే మళ్లీ రావాలనడం, మాత్రం ఇలా కుదరవు. వదిలెయ్. యూనిక్స్ రకం సిస్టమ్‌లకి ప్రమాణమైన పోసిక్స్ కూడా ఎక్స్‌టెండెడ్ రకం ప్యాటర్న్‌లలో వాటిని అడగలేదు.

తెలుగులో ఒక్కో కోడ్ పాయింట్ మూడు బైట్లుగా కూర్చోవడానికీ ఆ థాంప్సన్ గారే కారణం, యూటీఎఫ్-8 ఆయనా రాబ్ పైక్ కలిసి 1992లో తయారుచేశారు. అప్పుడూ బెల్ ల్యాబ్స్ అనే పరిశోధనశాలలోనే ఉన్నారు. అంటే ఉద్యోగంలో. 1986లో హెన్రీ స్పెన్సర్ సొంతంగా రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ లైబ్రరీ రాసి అందరికీ ఉచితంగా ఇచ్చారు, ఆయన టొరంటో యూనివర్సిటీ జువాలజీ డిపార్ట్‌మెంట్‌లో పనిచేసేవారు. జువాలజీ! 1997లో ఫిలిప్ హేజల్ పీసీఆర్‌ఈ అనే ఇలాంటి లైబ్రరీయే రాశారు, ఆయన కేంబ్రిడ్జి యూనివర్సిటీ కంప్యూటర్ల విభాగంలో ఉండగా. నేను ఊరికే చెబుతున్నాను. వీళ్లందరికీ నెల జీతం వచ్చేదని మాత్రం గమనించు.

సరే, పెద్దమ్మ ఏమందంటే, వాళ్ల రవి స్నేహితుడెవరో మీ బిల్డింగ్‌లోనే పనిచేస్తాడట, నువ్వు ఈమధ్య కనపడటం లేదన్నాడట. మానేసి ఇంట్లో కూర్చుని ఏదో రాసుకుంటోందట అంది. నేను "వర్క్ ఫ్రమ్ హోమ్ అక్కా" అని కాఫీ ఇచ్చాను. నాన్నకి చెప్పలేదు. ఆయన అడగనూ లేదు గాని పేపర్లో ఉద్యోగాల పేజీ మడిచి టీవీ మీద పెట్టారు, మనింట్లో ఆ పేజీ ఎవరైనా చదివి ఎన్నేళ్లయిందో.

లెక్చర్ ఇవ్వకూడదనే మొదలుపెట్టాను. కాని ఫంక్షన్లకి పోసిక్స్ పేర్లు పెట్టి నడక మాత్రం పెర్ల్ భాషది పెడితే ఎలా? "రామ|రామయ్య" అని, అంటే ఇదైనా అదైనా అని, ఇచ్చి "రామయ్య"లో వెతికితే నీది "రామ" దగ్గర ఆగిపోతోంది. పోసిక్స్ ప్రకారం ఎడమ నుంచి ముందుగా మొదలైనవాటిలో అన్నిటికంటే పొడుగుది ఇవ్వాలి. జాబితా పద్ధతికి మారితే ఇది దాదాపు ఉచితంగా వస్తుంది, మొదటిది దొరగ్గానే ఆగకుండా జాబితా ఖాళీ అయ్యేదాకా నడిచి చివరగా దొరికింది ఇవ్వడమే. బ్రాకెట్ల లోపలి ముక్కలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాయో గుర్తుపెట్టుకోవడం మాత్రం కష్టమే, అది కూర్చుని చేసుకోవాలి, నిద్ర మానుకుని కాదు. లోపలా బయటా నక్షత్రం (సున్నా నుంచి ఎన్నిసార్లయినా అని) ఉన్నప్పుడు ఖాళీ ముక్క పట్టుకుని అక్కడే తిరుగుతూ ఉండకుండా చూసుకో. రిపీట్ కౌంట్‌కి హద్దు పెట్టు, ఎవడో వెయ్యి సార్లని ఇంకో వెయ్యి సార్లు రాస్తే పది లక్షల కాపీలు చేసి మెమరీ మింగేస్తుంది. పోసిక్స్ కనీసం 255 వరకు ఉండాలంటుంది, అక్కడే ఆగినా ఎవరూ నిన్ను తిట్టరు. ఇంట్ 32 బిట్లు ఉంటుందనుకోకు, సీ హామీ ఇచ్చేది 16 కే. ఇంగ్లీషు అక్షరాలు వరసగా ఉంటాయని కూడా అనుకోకు, అంకెలకి తప్ప ఆ హామీ లేదు, ఐబీఎం పెద్ద మెషీన్ల అక్షర పట్టిక ఎబ్‌సిడిక్‌లో మధ్యలో ఖాళీలుంటాయి. ఇప్పుడు ఆ మెషీన్లు ఎవరికున్నాయి అంటావు. పోర్టబుల్ అని నువ్వే రాసుకున్నావు పైన.

మానేస్తే మానేశావు, చెప్పు. నాలుగు నెలలకి సరిపడా దాచుకున్నావా, మెడికల్ ఇన్సూరెన్స్ ఏమైంది, ఇంటి ఓనరుకి తెలుసా, ఇవే నాకు కావాలి. మానకపోతే అదీ చెప్పు, పెద్దమ్మకి గట్టిగా ఓ మాట అంటాను, నాకు ఎప్పట్నుంచో ఉంది.

వచ్చే వారం చంటిగాడు ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో బెంగళూరు వస్తున్నాడు. కందిపొడి, నువ్వులుండలు, మాడుగుల హల్వా పంపుతున్నాను, హల్వా ఫ్రిజ్‌లో పెట్టకు, గట్టిపడుతుంది. కంటి డాక్టర్‌కి చూపించుకున్నావా? ఫోటోలో కళ్లద్దాలు జారి ముక్కు మీదున్నాయి. రాత్రి పూట లైటు వేసుకుని పని చెయ్యి, చీకట్లో తెర ముందు కూర్చోకు. ఆదివారం పదింటికి నాన్న ఇంట్లోనే ఉంటారు, ఆయనకే చెయ్యి, నాకు కాదు.

అమ్మ

తా.క. నీ ఖాతాలో కొంచెం వేశాను. అద్దెకి కాదు, ఊరికే వేశాను, వెనక్కి పంపకు. సైన్డ్ క్యార్ సంగతి సరిచేశాక కొత్త కోడ్ నాకు నేరుగా పంపు, చంటిగాడి ద్వారా కాదు.