సిగరెట్ మెషీన్ల కంపెనీ, ఆరు పౌండ్ల గన్ను, బాలానగర్ టెండరు

సంపాదకుడి గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో రెండో ప్రపంచయుద్ధం నాటి వింత ఆయుధాల మీద వేసిన పేజీ చదివాను. అందులో మొలిన్స్ గన్ను గురించి నాలుగంటే నాలుగు లైన్లు, పైన "సిగరెట్ కంపెనీ చేసిన ఫిరంగి" అని హెడ్డింగు, పక్కన బ్రిటిష్ యుద్ధవిమానం మస్కిటో ఫొటో. చదివినవాళ్లు నవ్వుకుని పేజీ తిప్పేసి ఉంటారు. నాకు తిప్పబుద్ధి కాలేదు, ఎందుకంటే ముప్పై ఏళ్లపాటు నా చేతులకు అంటిన గ్రీజు ఆ మొలిన్స్ మెషీన్లదే. హైదరాబాద్‌లో ఒక సిగరెట్ ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఫిట్టర్‌గా చేరి అక్కడే రిటైరయ్యాను. (సిగరెట్ మాత్రం ఒక్కటి కూడా కాల్చలేదు, మా ఆవిడ ఇప్పటికీ నమ్మదు.)

మొదటి తప్పు, మొలిన్స్ సిగరెట్ కంపెనీ కాదు. సిగరెట్లు చేసే మెషీన్లు, వాటిని పెట్టెల్లో సర్దే మెషీన్లు తయారుచేసే కంపెనీ. 1912లో లండన్‌లో మొదలైంది, ఫ్యాక్టరీ అక్కడి డెట్‌ఫోర్డ్‌లో ఉండేది. విచిత్రం ఏమిటంటే ఒకప్పుడు ఇంగ్లండు రాజుల యుద్ధనౌకలు కట్టిన పాత రేవు కూడా ఆ డెట్‌ఫోర్డ్‌లోనే ఉండేది. మేం వాడిన మార్క్ 8 మేకర్లు, అంటే సిగరెట్లు చుట్టే మెషీన్లు, ఈ కంపెనీవే, నిమిషానికి రెండు వేల సిగరెట్లు తీసేవి. మన గుంటూరు వర్జీనియా ఆకు ఏళ్ల తరబడి ఓడల్లో ఇంగ్లండు వెళ్లి అక్కడి ఫ్యాక్టరీల్లో ఇలాంటి మెషీన్లలోనే పడేది. కాబట్టి ఆ కంపెనీ మనకు మరీ పరాయిదేం కాదు.

రెండో తప్పు, ఫిరంగి మొత్తం వాళ్లు చేయలేదు. గొట్టం, బ్రీచ్ (తూటా పెట్టి మూసే వెనక భాగం) అన్నీ సైన్యానివే. ఆరు పౌండ్ల గన్ను అంటారు, గుండు బరువు ఇంచుమించు అంత కాబట్టి. కన్నం 57 మిల్లీమీటర్లు. 1938లోనే లండన్‌లోని వూలిచ్‌లో డిజైన్ అయింది, ట్యాంకులను కొట్టడానికి. కానీ 1940లో ఫ్రాన్సులోని డంకర్క్ దగ్గర బ్రిటిష్ సైన్యం తన రెండు పౌండ్ల గన్నులను వందలకొద్దీ అక్కడే వదిలేసి రావాల్సి వచ్చింది. కొత్తది మొదలుపెడితే లైన్ ఆగిపోతుంది, ఆ లోపు జర్మన్లు దిగితే చేతిలో ఏదీ ఉండదు. అందుకని తెలిసి తెలిసీ పాతదాన్నే చేసుకుంటూ పోయారు, కొత్తది 1941 చివరికి గానీ లైన్ ఎక్కలేదు. ఫ్యాక్టరీలో పనిచేసిన ఎవరికైనా ఈ బాధ అర్థమవుతుంది, మంచి మెషీన్ గోడౌన్‌లో ఉంటుంది, బిగించడానికి షిఫ్ట్ ఆపే ధైర్యం ఎవరికీ ఉండదు.

ఇక మూడోది, అన్నిటికన్నా పెద్దది. విమానం బొమ్మ వేశారు గానీ పడవల మాట ఎత్తలేదు. మస్కిటోలో ఈ గన్ను పెట్టిన మాట నిజమే, సెకనుకు దాదాపు ఒక గుండు చొప్పున కొట్టేది, 1944 మార్చిలో ఫ్రాన్సు తీరంలో సాన్‌నజేర్ దగ్గర ఒక జర్మన్ సబ్‌మెరైన్‌ను ముంచింది కూడా. కానీ అలాంటి విమానాలు కొన్నే చేశారు, తర్వాత రాకెట్లు తేలికని అటు వెళ్లిపోయారు. ఈ గన్ను వందల సంఖ్యలో తయారైంది బ్రిటిష్ నేవీలో తీరం వెంట పోరాడే చిన్న పడవల దళం, కోస్టల్ ఫోర్సెస్, దాని పడవల కోసం. అక్కడ దాని అవసరం కూడా వేరు.

ఆ పడవలు ఎలాంటివో చూడండి. ఫెయిర్‌మైల్ డి అని 115 అడుగుల చెక్క పడవ, కుర్రాళ్లు డాగ్ బోట్ అనేవారు. లోపల నాలుగు పెట్రోలు ఇంజిన్లు, అంటే నిప్పురవ్వ పడితే చాలు. అవతల జర్మన్ల టార్పెడో పడవలు, ఈ-బోట్లు, డీజిల్‌తో నడిచేవి, వేగం ఎక్కువ, 1943 నుంచి కొత్త పడవల్లో సారంగు నిలబడే చోటుకు ఉక్కు తొడుగు కూడా వచ్చింది. ఇంగ్లండు తూర్పు తీరం వెంట బొగ్గు ఓడలు పోయే దారికి ఈ-బోట్ సందు అని పేరు పడిపోయింది. వాటిని ఆపమని మొదట్లో ఈ పడవలకు ఎక్కువగా ఇచ్చిందేమిటయ్యా అంటే మెషీన్‌గన్లు, ఓర్లికాన్ అనే చిన్న ఫిరంగులు, స్టోర్లలో మూలుగుతున్న పాత హాచ్‌కిస్ గన్నులు. ఆ హాచ్‌కిస్ డిజైను పందొమ్మిదో శతాబ్దానిది. తూటాలు తగిలేవి, అయినా ఈ-బోట్ ఆగేది కాదు. రాబర్ట్ హిచెన్స్ అని వృత్తికి వకీలు, యుద్ధంలో గన్‌బోట్ల దళానికి నాయకుడు, ఇలాంటి రాత్రి పోరాటాల్లో దగ్గరికి వెళ్లి, అంటే అవతలివాడు కనిపించేంత దగ్గరికి వెళ్లి కొట్టేవాడు. 1943 ఏప్రిల్‌లో చనిపోయాడు. ఈ కొత్త గన్ను పడవల మీద బాగా కనబడింది 1944లో.

పెద్ద గన్ను పెడితే సరిపోతుంది కదా అనుకుంటాం. గుండు, మందు, కేసు కలిపి ఆ తూటా మొత్తం బరువు దాదాపు 6 కిలోలు, పొడవు అరమీటరు పైనే. నేల మీద గన్ను కదలకుండా ఉంటుంది, పక్కన మోకాళ్ల మీద కూర్చున్నవాడు ఒకటి తర్వాత ఒకటి తోస్తాడు. గన్ను పేలగానే బ్రీచ్ దానంతటదే తెరుచుకుని ఖాళీ కేసును బయటికి విసిరేస్తుంది, అది ముందునుంచీ ఉన్న ఏర్పాటే. మిగిలింది ఒక్క పని, కొత్త తూటా తీసి లోపలికి నెట్టడం. కానీ పడవ మీద ఆ ఒక్క పనే చావు. చీకటి, డెక్ మీద నీళ్లు, పడవ అలమీద ఎగిరి పడుతుంటుంది, ఒక చేత్తో ఏదైనా పట్టుకోకపోతే మనిషే సముద్రంలో ఉంటాడు, ఇక రెండు చేతులతో ఆరు కిలోల తూటా ఎత్తి ఆ కన్నంలో సూటిగా ఎలా పెడతాడు?

ఆ పని చేసిపెట్టింది మొలిన్స్. ఆరు తూటాలు ముందే పేర్చిపెట్టే యంత్రం, గన్ను వెనక్కి తన్ని మళ్లీ ముందుకొచ్చే సరికి తర్వాతది సిద్ధం. గన్ను పట్టినవాడు హైడ్రాలిక్ బలంతో దాన్ని తిప్పుకుంటూ గురి చూసుకోవచ్చు. చివరి డాగ్ బోట్లలో ముందొకటి వెనకొకటి ఇలాంటివి రెండు పెట్టారు.

ఇది చదివి వింత అనుకునేవాళ్లు ఒక్కసారి సిగరెట్ ప్యాకింగ్ మెషీన్ దగ్గర నిలబడాలి. పైన హాపర్‌లో సిగరెట్లు గుట్టగా ఉంటాయి. కింది నుంచి పుషర్ వచ్చి ఇరవై సిగరెట్లను ఒక్క తోపుతో గూటిలోకి నెట్టి వెనక్కి వెళ్తుంది, అది వెళ్లేలోపే పైవి జారి ఖాళీ నింపాలి. ఒకటి అడ్డం తిరిగినా జామ్. పుషర్ అరసెకను ముందొస్తే సగానికి తెగిన సిగరెట్లు, ఆలస్యమైతే ఖాళీ పెట్టె. రాత్రి షిఫ్టులో జామ్ అయితే మేం కవర్ తీసి చూడనక్కర్లేదు, చప్పుడు మారిన తీరుతోనే ఏ క్యామ్ దగ్గర పట్టిందో చెప్పేసేవాళ్లం. సన్నటి, పొడుగాటి వస్తువును వరసలోంచి తీసి, నలగకుండా, సరిగ్గా అదే క్షణానికి, అదే కన్నంలోకి నెట్టడం. సిగరెట్టయినా తూటా అయినా కష్టం ఒకటే. ఆ కష్టం డెట్‌ఫోర్డ్‌వాళ్లకు అప్పటికే దశాబ్దాలుగా తెలుసు, ఫిరంగులు పోతపోసే వాళ్లకు తెలియాల్సిన పనే లేదు.

ఆ గన్ను అద్భుతం అని కూడా నేను అనను. ఎగిరే పడవ మీద నుంచి రాత్రిపూట గురి అనేది అప్పటికీ సగం అదృష్టమే. బరువు ఎక్కువ. ఆరు తూటాలు అయ్యాక మళ్లీ మనిషే పేర్చాలి. యుద్ధం చివరికి నేవీవాళ్లే 4.5 అంగుళాల పొట్టి గన్ను వైపు చూశారు, ఎక్కువ దూరం పోకపోయినా పెద్ద గుండు విసిరేది, ఒకటి తగిలితే చాలన్న లెక్క. యుద్ధం తర్వాతి గన్‌బోట్లలో అదే పెట్టారు.

ఇప్పుడు ఇదంతా మీకెందుకు రాస్తున్నానంటే, ఆ పేజీ వచ్చిన వారంలోనే మా మేనల్లుడు టెండరు పోగొట్టుకుని మా ఇంటికొచ్చాడు. బాలానగర్‌లో చిన్న వర్క్‌షాపు వాడిది, కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మెషీన్లు రెండు, ఒక పాత లేత్, ఏడుగురు పనివాళ్లు. మందుల కంపెనీలకు మాత్రలు వరసగా తోసే ఫీడర్ల విడిభాగాలు చేస్తాడు. రక్షణ రంగంలోని ఒక సంస్థ, పేరు రాయను, చిన్న ఫీడ్ మెకానిజం ఒకటి కావాలని టెండరు పిలిచింది. మావాడు డ్రాయింగు చూసి ఇది మనం రోజూ చేసేదే మామయ్యా అని సంబరపడ్డాడు. పేపర్లన్నీ పెట్టాడు, శాంపిల్ కూడా చేసుకుని పట్టుకెళ్లాడు. శాంపిల్ ఎవరూ ముట్టుకోలేదట. "గత ఐదేళ్లలో ఇదే రకం వస్తువు రక్షణ శాఖకు సరఫరా చేసిన అనుభవం" అన్న గడి ఖాళీగా ఉందని టెక్నికల్ దశలోనే తీసేశారు. అప్పట్లో ఇలాంటి గడే అడ్డం పెట్టి ఉంటే సిగరెట్ మెషీన్లు చేసే మొలిన్స్‌కు ఆ పని దొరికేదా?

చిన్న పరిశ్రమలకు, స్టార్టప్‌లకు నాణ్యత సరిపోతే ముందు అనుభవం షరతు సడలించవచ్చని కేంద్రమే ఉత్తర్వులు ఇచ్చి ఎన్నో ఏళ్లయింది. "సడలించవచ్చు" అన్నారు, "సడలించాలి" అనలేదు, టేబుల్ వెనకున్నవాడికి ఆ ఒక్క అక్షరం చాలు. ఆయన్నీ తప్పుపట్టలేం, రేపు ఏదైనా తేడా వస్తే ఆడిట్‌లో సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది ఆయనే. అందుకే నేను అడిగేది చిన్నది. గన్ను మొత్తం, మిసైల్ మొత్తం కొత్తవాడికి ఇవ్వమని ఎవరూ అనడంలేదు. గొట్టం చేసేవాడు గొట్టం చేయనీ. విడిగా పరీక్షించగలిగిన ముక్కలు, ఫీడర్లు, పట్లు, బిగింపులు లాంటివి, వీటికి అనుభవం గడి తీసేసి శాంపిల్ పరీక్ష పెట్టండి. వెయ్యిసార్లు తిప్పండి, జామ్ అయితే వెనక్కి పంపండి. ఆ పరీక్షకయ్యే ఫీజు కూడా మావాడు కట్టుకుంటానంటున్నాడు.

ఇలాంటి టెండర్ల సంగతి మీ విలేకరులు కాస్త విచారించి రాస్తే బాగుంటుంది. బాలానగర్, చర్లపల్లి షెడ్లలో అడిగితే ఇలాంటి కథ మా ఇంట్లోది ఒక్కటే కాదని తెలుస్తుంది. ఈలోగా వచ్చే ఆదివారం ఒక చిన్న సవరణ వేయండి, సిగరెట్ కంపెనీ కాదు, సిగరెట్ మెషీన్ల కంపెనీ అని. ఈసారి వీలైతే డాగ్ బోట్ ఫొటో వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిట్టర్,
హైదరాబాద్