సెస్ మనదే, మీటర్ ఎవరి పేరు మీద ఉందో చూసుకోండి

అందరికీ నమస్కారం. నిన్న బహ్రెయిన్ నుంచి తమ్ముడొకరు అడిగిండు: ‘అన్నా, కరెంటు బిల్లు మీద సెస్ అని ఉంటది, అదేమన్నా పన్ను లాంటిదా?’ అని. నవ్వొచ్చింది గానీ, మన పిల్లల్లో చాలామందికి తెలియని విషయమే.

సెస్ అంటే సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘం. 1970లో మొదలైంది. దేశంలో ప్రయోగంగా పెట్టిన మొదటి ఐదు గ్రామీణ విద్యుత్ సంఘాల్లో మనదొకటి. కరెంటు తయారు చేయదు. ఉత్తర తెలంగాణ డిస్కం (కరెంటు పంపిణీ చేసే కంపెనీ) దగ్గర టోకున కొని మన ఇళ్లకు, బావుల కాడి మోటర్లకు, మరమగ్గాలకు ఇస్తది. స్తంభాలు, లైన్లు, లైన్‌మన్లు అంతా సంఘానివే. పాలకవర్గాన్ని ఎన్నుకునేది సభ్యులే. 2022 డిసెంబరులో 15 మంది డైరెక్టర్ల కోసం ఓట్లేసినం, గుర్తుందా?

మా ఇంట్లో తాత సంఘంలో కట్టిన వాటా రసీదు ఇప్పటికీ రేకు పెట్టెలో ఉంది, మడతల కాడ చిరిగి. తాత పోయి చాలా ఏండ్లయింది, మీటర్ మాత్రం ఆయన పేరు మీదే, అంటే సంఘంలో ఓటు కూడా ఆయన పేరు మీదే! పోయినాయన ఓటెట్లేస్తడు?

మీ ఇంట్లోనూ ఇట్లనే ఉంటే పాత బిల్లు, ఆధార్, మరణ ధ్రువపత్రం పట్టుకొని సెస్ ఆఫీసుకు పోయి పేరు మార్పుకు ఏమేం కావాలో అడగండి. గల్ఫ్‌లో ఉన్నోళ్లు ఇంటికి ఫోన్ చేసి చెప్పండి. నేను సోమవారం పోతున్న, ఎవరన్నా వస్తే కలిసి పోదాం.