2024–25 వార్షిక నివేదిక: బడిపిల్లల క్విజ్ సాధన

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గానికి, సర్వసభ్య సమావేశానికి వచ్చిన సభ్యులందరికీ నమస్కారాలు.

2024 జూన్ నుంచి 2025 ఏప్రిల్ వరకు హనుమకొండలో మన కాలనీ సంఘం తరఫున జరిగిన క్విజ్ సాధన వివరాలు ఈ నివేదికలో ఉన్నాయి. సంఘం ఆశయాలు అందరికీ తెలిసినవే కనుక నేరుగా పనిలోకి వస్తున్నాం.

ముందు చెప్పాల్సినవి కృతజ్ఞతలు. ప్రతి ఆదివారం ఉదయం 9 గంటలకు తమ ఇంటి కింది హాలు తాళం తీసి ఇచ్చిన దంపతులకు, అట్టను లాభం చూసుకోకుండా కార్డుల సైజుకు కోసి ఇచ్చిన స్టేషనరీ షాపు వారికి, బజర్ పెట్టెను రెండుసార్లు విప్పి బాగుచేసిన ఎలక్ట్రానిక్స్ షాపు తమ్ముడికి, సాంఘికశాస్త్రం కార్డులన్నీ చదివి తప్పులు దిద్దిన రిటైర్డ్ మాస్టారికి, పోటీ రోజున పులిహోర చేసి తెచ్చిన అమ్మలకు సంఘం రుణపడి ఉంది. పేర్లు రాయవద్దని కొందరు కోరారు కాబట్టి ఎవరి పేరూ రాయలేదు.

ప్రశ్న కార్డుల పని

ఈ ఏడాది ఎక్కువ సమయం తీసుకున్నది ఇదే. పిల్లలకు సాధన చేయించడం సులువు. తప్పులేని ప్రశ్న తయారుచేయడం కష్టం. మన కార్డు 5 అంగుళాల పొడవు, 3 అంగుళాల వెడల్పు ఉంటుంది. ముందువైపు ప్రశ్న ఒక్కటే. వెనకవైపు జవాబు, ఒప్పుకోదగ్గ ఇతర జవాబులు, ఒప్పుకోకూడని జవాబులు, ఏ తరగతి పుస్తకం ఏ పేజీలో చూశామన్నది, సరిచూసిన నెల, సరిచూసినవారి పొడి అక్షరాలు. ఈ ఆరింటిలో ఏది లేకపోయినా ఆ కార్డు డబ్బాలోకి వెళ్లకూడదని జూలైలో తీర్మానించాం.

తెల్ల కార్డు మీద మారని విషయాలు. వేయిస్తంభాల గుడిని రుద్రదేవుడు 1163లో కట్టించాడు, గోదావరి త్ర్యంబకేశ్వర్ దగ్గర పుడుతుంది, ఇలాంటివి. పసుపు కార్డు మీద మారే విషయాలు. పాత డబ్బాలో ఈ తేడా లేకపోవడం వల్ల చాలా నష్టం జరిగింది. సరిచూస్తుంటే సౌరకుటుంబంలో తొమ్మిది గ్రహాలన్న కార్డు ఇంకా ఉంది. ప్లూటోను 2006 ఆగస్టులోనే మరుగుజ్జు గ్రహాల్లో చేర్చారు. తెలంగాణ జిల్లాలు 31 అని ఒక కార్డు, 33 అని ఇంకో కార్డు. 2016 అక్టోబర్‌లో 31 అయ్యాయి, ములుగు, నారాయణపేట కలిసి 2019 ఫిబ్రవరిలో 33 అయ్యాయి. కేంద్రపాలిత ప్రాంతాలు 9 అని ఉంది. 2020 జనవరి 26 నుంచి అవి 8. అన్నిటికన్నా బాధ కలిగించింది మన జిల్లా కార్డే. వరంగల్ అర్బన్ 2021లో హనుమకొండ జిల్లా అయింది. మన పిల్లలు ఉంటున్న జిల్లా పేరే మన డబ్బాలో తప్పుగా ఉంది.

బజారు గైడ్ల నుంచి ఎత్తిరాసిన కార్డులతో మరో చిక్కు. జాతీయ క్రీడ హాకీ అని, జాతీయ భాష హిందీ అని వాటిలో ఉంటుంది. కేంద్ర ప్రభుత్వం ఏ ఆటనూ జాతీయ క్రీడగా ప్రకటించలేదు. రాజ్యాంగం 343వ అధికరణం హిందీని కేంద్రానికి అధికార భాష అంటుంది, జాతీయ భాష అనదు. ఈ రెండు కార్డులనూ చింపేశాం. గైడులో ఉంది కదా అని వాదించిన తల్లిదండ్రులకు మనవి: గైడు ఆధారం కాదు. పాఠ్యపుస్తకం, ప్రభుత్వ ప్రకటన, సంబంధిత సంస్థ చెప్పిన మాట, ఈ మూడింటిలో ఒకటైనా ఉంటేనే కార్డు.

ప్రశ్నలో ఒక్క మాట తగ్గినా జవాబు రెండవుతుంది. భాషా దినోత్సవం ఎప్పుడు అని అడిగితే ఒక పిల్లవాడు ఆగస్టు 29 అంటాడు, పక్కవాడు సెప్టెంబర్ 9 అంటాడు. ఇద్దరూ తప్పు చెప్పలేదు. గిడుగు రామమూర్తి పుట్టినరోజు తెలుగు భాషా దినోత్సవం, కాళోజీ పుట్టినరోజు తెలంగాణ భాషా దినోత్సవం. ప్రశ్న రాసినవారిదే తప్పు. అలాగే పేర్ల విషయం. ‘పి.వి.’ అంటే చాలు, ‘రావు’ అంటే చాలదు, పూర్తి పేరు అడగాలి. ‘రుద్రమదేవి’కి ‘రుద్రమాంబ’ ఒప్పుకోవచ్చు. ఇవన్నీ వెనకవైపు ముందే రాసి ఉంటే వేదిక మీద తగవు ఉండదు.

ఆదివారం సాధన

బూట్ల అట్టపెట్టెలో నాలుగు అడ్డుచెక్కలు పెట్టి ఐదు అరలు చేశాం. కొత్త కార్డు మొదటి అరలో పడుతుంది. జవాబు సరైతే తర్వాతి అరకు, తప్పితే ఎక్కడున్నా సరే మళ్లీ మొదటి అరకు. మొదటి అర ప్రతి ఆదివారం, రెండోది రెండు వారాలకొకసారి, మూడోది నెలకొకసారి, నాలుగోది మూడు నెలలకొకసారి తీస్తాం. ఐదోది వార్షిక పోటీకి ముందు ఒకసారి. నలుగురు పిల్లలకు ఒక పెట్టె సరిపోతుంది. ఆరుగురు అయితే ఇద్దరు ఊరికే కూర్చుంటారు.

ఈ పద్ధతిలో ఒక లోపం అక్టోబర్‌కల్లా బయటపడింది. పిల్లలు విషయాన్ని కాక కార్డును గుర్తుపెట్టుకుంటున్నారు. మూల నలిగిన కార్డు కనబడగానే ప్రశ్న చదవకముందే ‘త్ర్యంబకేశ్వర్’ అనేస్తున్నారు. అందుకని మూడో అర దాటిన ప్రతి కార్డునూ తిరగేసి అడగాలని పెట్టాం. త్ర్యంబకేశ్వర్ దగ్గర పుట్టే నది ఏది, మహాబలేశ్వర్ దగ్గర పుట్టేది ఏది అని. తిరగేయగానే సగానికి సగం కార్డులు మళ్లీ మొదటి అరకు వచ్చి పడ్డాయి. అప్పటినుంచి నేర్చుకోవడం నిలకడగా సాగింది.

తొందరపడి బజర్ నొక్కడం రెండో జబ్బు. తెలుగులో ప్రశ్నపదం వాక్యం చివరన వస్తుంది. ‘నాగార్జునసాగర్’ అని వినగానే నొక్కి ‘కృష్ణా నది’ అని చెప్పిన జట్లు ఎన్నో. పూర్తి ప్రశ్న ఇది: ‘నాగార్జునసాగర్ ప్రాజెక్టుకు 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన చేసిన ప్రధాని ఎవరు?’ నొక్కగానే చదివేవారు ఆపేయాలి, తప్పయితే 5 మార్కులు కోత. దీనికి సాధనగా ప్రశ్నను మధ్యలో ఆపి, ఇక్కడినుంచి ఏయే ప్రశ్నలు రావచ్చో మూడు చెప్పమంటున్నాం. ప్రధాని, నది, జిల్లా, సంవత్సరం అని పిల్లలే లెక్కపెడతారు. నొక్కాలా ఆగాలా అన్నది అప్పుడు వాళ్లకే తెలుస్తుంది. మూడు ప్రశ్నలు మిగిలి ఉంటే ఆగాలి, ఒక్కటే మిగిలితే నొక్కాలి.

తెలుగు మీడియం, ఇంగ్లిష్ మీడియం పిల్లలు ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. కిరణజన్య సంయోగక్రియ అంటే ఒకరికి తెలియదు, ఫోటోసింథసిస్ అంటే ఇంకొకరికి తెలియదు. ఏ భాషలో ముందు చదివితే ఆ భాష పిల్లలదే పైచేయి అవుతోంది. ఇప్పుడు రెండు భాషల్లోనూ చదవడం పూర్తయ్యాకే బజర్ తెరుస్తున్నాం. తొందరపాటు సాధన వేరే ఆదివారం, ఒకే భాషలో.

ఈ ఏటి కొత్త కార్డుల్లో పిల్లలు ఇష్టంగా అడిగించుకున్నవి ఆటలవి. 2024 డిసెంబర్‌లో గుకేశ్ 18 ఏళ్లకే చదరంగంలో ప్రపంచ విజేత అయ్యాడు, అదే నెలలో కోనేరు హంపి రెండోసారి ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచింది. అంతకన్నా దగ్గరిది, పారిస్ పారాలింపిక్స్ 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చిన దీప్తి జీవాంజి మన పక్కనే ఉన్న కల్లెడ అమ్మాయి. ఆ కార్డు ఏ పెట్టెలోనూ ఒక్కసారి కూడా వెనక్కి రాలేదు.

బజర్ పెట్టె

ఆరు జట్లకు ఆరు బటన్లు, ఆరు లైట్లు, ఒక మోత, నిర్వాహకుడి చేతిలో ఒక రీసెట్ బటన్. లోపల ఆర్డుయినో నానో అనే చిన్న కంట్రోలర్ బోర్డు. మొదట నొక్కిన జట్టు లైటు వెలగగానే మిగతావన్నీ మూసుకుంటాయి. ఈ ఏడాది మూడు ఇబ్బందులు వచ్చాయి. వచ్చే కార్యవర్గానికి పనికొస్తాయని వివరంగా రాస్తున్నాం.

ఎవరూ ముట్టకుండానే నాలుగో జట్టు లైటు వెలగడం మొదటిది. ఆ జట్టు తీగ 8 మీటర్లు, కరెంటు ఎక్స్‌టెన్షన్ పక్కనే పరిచి ఉంది. ఇన్‌పుట్ బలహీనంగా ఉంటే పొడవాటి తీగ కరెంటు అలజడిని లాక్కుంటుంది. ప్రతి ఇన్‌పుట్‌కు 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌తో 5 వోల్టులకు పుల్-అప్ ఇచ్చి (అంటే బటన్ నొక్కనప్పుడు ఇన్‌పుట్ 5 వోల్టుల దగ్గరే నిలిచేలా చేసి), 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను గ్రౌండ్‌కు కలిపి, తీగలను మెలివేసి, కరెంటు తీగకు దూరంగా పరిస్తే ఆగిపోయింది.

కరెంటు పోతుందని పవర్ బ్యాంకు పెడితే అర నిమిషానికే పెట్టె చచ్చిపోవడం రెండోది. పవర్ బ్యాంకు చెడిపోయిందని రెండు మార్చాం, అదే కథ. మన బోర్డు వాడే కరెంటు మరీ తక్కువ కావడంతో, ఫోను నిండిపోయిందనుకుని పవర్ బ్యాంకు తనంతట తానే ఆగిపోతోంది. 5 వోల్టుల మీద 47 ఓమ్‌ల, 1 వాట్ రెసిస్టర్ అదనంగా కలిపితే 100 మిల్లీఆంపియర్ల పైచిలుకు లాగుతుంది, ఇక ఆగలేదు. ఆ రెసిస్టర్ వేడెక్కుతుంది, ప్లాస్టిక్‌కు తగలకుండా చూడండి.

మూడోది బటన్ దగ్గర టంకం ఊడటం. పిల్లలు బటన్‌ను తీగతో లాగుతారు. పెట్టె లోపల తీగకు ఒక ముడి వేస్తే లాగిన బలం టంకం మీద పడదు.

వార్షిక పోటీ

2025 ఫిబ్రవరి 9, ఆదివారం జరిగిన అంతర్ పాఠశాలల పోటీ ఈ సంవత్సరానికి మనం గర్వంగా చెప్పుకోగలిగిన సంగతి. ఇద్దరేసి పిల్లల జట్లు, 30 ప్రశ్నల రాతపరీక్ష, అందులో ఐదు ప్రశ్నలకు నక్షత్రం గుర్తు. మార్కులు సమానమైతే నక్షత్రం ప్రశ్నలు ఎవరివి ఎక్కువ సరయ్యాయో చూస్తాం. ఆ గుర్తు ముందే ముద్రించి ఉండటంతో తుది పోటీకి వెళ్లే ఆరు జట్లలో ఆరో స్థానం తేల్చడానికి ఐదు నిమిషాలే పట్టింది.

తుది పోటీలో పాత ‘డైరెక్ట్–పాస్’ పద్ధతి (ఒక్కో జట్టును వరసగా అడిగి, చెప్పలేకపోతే ఆ ప్రశ్నను పక్క జట్టుకు పంపడం) మానేశాం. ఆ పద్ధతిలో బలహీనమైన జట్టు పక్కన కూర్చున్నవారికి పాస్ ప్రశ్నలు వరసగా దొరుకుతాయి, గెలుపు కుర్చీని బట్టి ఉంటుంది. ఈసారి జవాబు చెప్పిన జట్టు తర్వాతి జట్టు నుంచి కొత్త ప్రశ్న మొదలుపెట్టాం. 18 ప్రశ్నల్లో తొమ్మిది అయ్యాక దిశ తిప్పాం.

పదకొండో ప్రశ్న: ‘భాష ప్రాతిపదికన ఏర్పడ్డ మొదటి రాష్ట్రం ఏది?’ కార్డు మీద జవాబు ఆంధ్ర రాష్ట్రం, 1953 అక్టోబర్ 1. ప్రభుత్వ పాఠశాల ఎనిమిదో తరగతి పాప ‘ఒడిశా, 1936’ అంది. తప్పు అన్నారు. ఆ పాప కూర్చోలేదు. ‘సార్, స్వతంత్రం వచ్చాక అని మీరు చదవలేదు కదా’ అంది. నిర్ణేతలు కార్డు తెప్పించి చూశారు. అసలు కార్డులో ‘స్వతంత్ర భారతదేశంలో’ అనే మాట ఉంది. పోటీ కోసం ఎత్తిరాసేటప్పుడు జారిపోయింది. ప్రశ్న రద్దు చేసి అదే జట్టుకు వేరే ప్రశ్న ఇచ్చారు. హాలంతా చప్పట్లు కొట్టింది. ఆ జట్టు మూడో స్థానంలో నిలిచింది. ఆంధ్ర రాష్ట్రాన్నీ 1956 నవంబర్ 1న ఏర్పడ్డ ఆంధ్రప్రదేశ్‌నూ కలిపేసే పెద్దలు ఎందరో ఉండగా, ఆ పాప 1936ను పట్టుకుంది. సాధన ఫలితం ఇదేనని కార్యవర్గం నమ్ముతోంది.

చెప్పక తప్పని మాటలు

వాలంటీర్ల పట్టికలో ఎనిమిది మంది సంతకాలున్నాయి. చాలా ఆదివారాలు వచ్చింది ఇద్దరే. చదవడానికి ఒకరు, లెక్క రాయడానికి ఒకరు, బజర్ దగ్గర ఒకరు, చిన్నపిల్లల దగ్గర ఒకరు, కనీసం నలుగురు కావాలి. మనిషి లేక పదో తరగతి అమ్మాయి స్కోరు రాసింది. ఆ పిల్ల నేర్చుకోవడానికి వచ్చింది, మన పని చేయడానికి కాదు. రాలేమని శనివారం రాత్రి ఒక్క మెసేజ్ పెట్టినా వేరే ఏర్పాటు చేసుకునేవాళ్లం.

పోటీకి ప్రభుత్వ హాలు కోరుతూ సంబంధిత కార్యాలయానికి రెండుసార్లు దరఖాస్తు ఇచ్చాం. జవాబు పోటీ అయిపోయిన తర్వాత వచ్చింది. ప్రభుత్వ పాఠశాలలకు సర్క్యులర్ పంపుతామని మాట ఇచ్చిన అధికారి పంపలేదు. మన సభ్యులు ఇద్దరు ఎండలో బడి బడికీ తిరిగి ప్రధానోపాధ్యాయులను కలిశారు కాబట్టే ఆ పిల్లలు వచ్చారు. తిరగకపోయి ఉంటే ఒడిశా అని చెప్పిన పాప ఆ హాలులో ఉండేది కాదు.

జమాఖర్చులు

పట్టిక చివరన జతపరిచాం. ఆడిటరు చూశారు, రసీదులన్నీ ఫైలులో ఉన్నాయి. ఎక్కువ ఖర్చు బహుమతి పుస్తకాలు, ముద్రణలది. చందా బకాయి ఉన్న సభ్యులు ఈరోజే కోశాధికారిని కలవగలరు.

వచ్చే ఏడాదికి

పసుపు కార్డులన్నీ బడులు తెరవకముందే సరిచూడాలి. మే 31 శనివారం, జూన్ 1 ఆదివారం ఉదయం 9 నుంచి 12 వరకు అదే హాలులో కూర్చుంటున్నాం. ఒక్కొక్కరు నలభై కార్డులు తీసుకుంటే రెండు పూటల్లో పూర్తవుతుంది. పాఠ్యపుస్తకాలు ఉన్నవారు తీసుకురండి, ముఖ్యంగా ఎనిమిది నుంచి పది వరకు సాంఘికశాస్త్రం. ఎరుపు పెన్ను సంఘం ఇస్తుంది. వచ్చేవారు సమావేశం ముగిసేలోగా తలుపు దగ్గరి కాగితం మీద పేరు, రాగలిగిన రోజు రాసి వెళ్లండి.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి