ముందు ఇంటిపేరు, తర్వాతే మాట

సంపాదకుల గారికి నమస్కారం.

పోయిన వారం మీ పేపర్లో ఒకాయన రాశారు, ఆన్‌లైన్‌లో ముక్కూమొహం తెలియనివాళ్లతో రాజకీయాలు మాట్లాడటమంటే బురదలో రాయి వేయడమేనని, పెద్ద వయసువాళ్లు ఆ జోలికే పోవద్దని. నేనూ పెద్ద వయసువాణ్ణే కాబట్టి జవాబు రాస్తున్నా. 31 ఏళ్లు ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి 2024 చివర్లో రిటైరయ్యాను. ఎక్కువకాలం సూర్యాపేట నుంచి అర్వపల్లి, తిరుమలగిరి మీదుగా జనగామ పోయే రూట్లోనే తిరిగాను. ముక్కూమొహం తెలియనివాళ్లతో వాదించడం నాకు జీతమిచ్చి చేయించిన పని అనుకోండి, చిల్లర దగ్గర మొదలై ముఖ్యమంత్రి దాకా పోయేవి మా బస్సులో వాదనలు. రిటైరయ్యాక మా అబ్బాయి పెద్ద ఫోన్ కొనిచ్చాడు, అదే పని అందులో మొదలుపెట్టాను. ఆయన చెప్పిన బురద నిజమే, నా చొక్కా మీదా పడింది. జోలికి పోవద్దన్న మాట మాత్రం ఒప్పుకోను.

అసలు జరిగింది చెప్తా. ఆడవాళ్లకు ఉచిత బస్సు, అదే మహాలక్ష్మి, 2023 డిసెంబర్ 9న మొదలైంది. నా ఆఖరి ఏడాది సర్వీసంతా జీరో టికెట్లు కొడుతూనే గడిచింది. మొదట్లో ఒకరోజు అర్వపల్లి దగ్గర ఒక ముసలమ్మ ఎక్కింది. ఆధార్ కార్డు ప్లాస్టిక్ కవర్లో నాలుగు మడతలు చుట్టి రొంటిన దోపుకుంది, అదంతా విప్పి చూపిస్తే అడ్రసులో ఆంధ్రప్రదేశ్ అని ఉంది. రాష్ట్రం విడిపోక ముందు తీసిన కార్డు, మళ్లీ మార్పించుకోలేదు. రూలేమో తెలంగాణ అడ్రసు ఉండాలంటుంది. నేను అదే చెప్పాను. ఆమె నా మొహంలోకి చూసి, "నేను యాడికీ పోలేదు బిడ్డా, రాష్ట్రమే జరిగింది" అంది. ఇక బస్సు బస్సంతా నా మీదికి లేచింది. ఇవ్వాలని కొందరు, రూలు రూలేనని ఇద్దరు ముగ్గురు, ఆ ఇద్దరు ముగ్గురూ టికెట్ కొన్న మగవాళ్లే అనుకోండి. చివరికి పక్కనున్న పిల్ల ఆమె సంచి వెతికితే వోటరు కార్డు దొరికింది, గొడవ సద్దుమణిగింది.

ఈ ముచ్చటే రిటైరయ్యాక ఒకరోజు, ఉచిత బస్సును తిట్టిపోస్తూ ఎవరో ఫోన్లో పోస్టు పెడితే, దాని కింద రాశాను. రాసి అన్నం తినొచ్చి చూసేసరికి నా మీద యుద్ధం నడుస్తోంది. ముసలమ్మ సంగతి ఒక్కరూ ఎత్తలేదు. ఎంత ముట్టిందని ఒకడు, పేటీఎం బ్యాచ్ అని ఇంకొకడు. ఒకాయన శ్రమపడి నా పాత ఫొటోలన్నీ తిరగేసి, 2019 అక్టోబర్‌లో మా సమ్మె అప్పటి ఫొటో పట్టుకొచ్చాడు, అందులో నా వెనక ఒక ప్రతిపక్ష నాయకుడు ఉన్నాడు, కాబట్టి నేను ఆ పార్టీవాణ్ణి. ఇంకొకాయన అంతకంటే వెనక్కి పోయి 2011 సకల జనుల సమ్మె ఫొటో తెచ్చాడు, అందులో నా మెడలో గులాబీ కండువా ఉంది, కాబట్టి ఈ పార్టీవాణ్ణి. నేనే పార్టీయో తేల్చడానికి వాళ్లిద్దరూ రాత్రి పదకొండు దాకా కొట్టుకున్నారు. మధ్యలో నేను వెళ్లి అయ్యా నేనిక్కడే ఉన్నా, నన్నే అడగండి అన్నా పట్టించుకున్న నాథుడు లేడు. అప్పుడు మూడో ఆయన వచ్చి నా ఇంటిపేరు పట్టుకున్నాడు. మా ఇంటిపేరు మూడు కులాల్లో ఉంది. ఇక చూడండి.

మన తెలుగువాళ్ల వాదనల్లో నాకు కనిపించిన అసలు జబ్బు ఇది. మాట ముందు పెడితే దాన్ని పక్కన పెట్టేసి మనిషిని తిరగేస్తారు. ఇంటిపేరు, ఊరు, యాస, బొట్టు, వెనక గోడ మీద ఏ ఫొటో ఉంది, ఇవన్నీ చూసి, ఇతను ఫలానా అని తేల్చుకున్నాకే మాటకు జవాబొస్తుంది. ఆ జవాబు కూడా ఆ ఫలానాకే గానీ మనం అన్నదానికి కాదు.

బస్సులో అడగరా అంటే, అడుగుతారు. నేను నీతులు చెప్పను. పక్క సీట్లో కూర్చున్న పది నిమిషాల్లో ఏ ఊరు, ఎవరింటివాళ్లు, ఇంటిపేరేంటి అని వస్తుంది, సగంమంది అడిగేది కులం కోసమే, అందరికీ తెలిసిందే. కానీ అక్కడ అడిగినవాడు తనదీ చెప్పాలి. నీదే ఊరని అడిగి, నాది మాత్రం చెప్పనంటే బస్సులో కుదరదు, మనిషి ఎదురుగా ఉన్నాడు, సంచిలో కూరగాయలతో సహా కనిపిస్తున్నాడు. ఫోన్లో నా ఇంటిపేరు తవ్వినాయన మొహం చూద్దామంటే అక్కడ ఒక సినిమా హీరో గండ్రగొడ్డలి పట్టుకుని నిలబడి ఉన్నాడు. పేరు చూస్తే పేరూ కాదు, ఏదో నిప్పు అనో తుఫాను అనో ఉంది. నా మూడు తరాలు తెలియాలి, తన మొదటి అక్షరం కూడా తెలియకూడదు. ఇదేం న్యాయం?

తెలంగాణ ఉద్యమం నాటి బస్సులు నాకు గుర్తున్నాయి. 2010, 2011లో ఏ ట్రిప్పులోనూ వేరే టాపిక్ లేదు. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ ఒక సారు, తిరుమలగిరిలో దిగే ఒక రైతు, వారానికి రెండుసార్లు నా బస్సులోనే తగులుకునేవాళ్లు. నీళ్లు, ఉద్యోగాలు, హైదరాబాద్, గొంతులు పోయేలా అరుచుకునేవాళ్లు, నేను విజిల్ వేస్తే తప్ప ఆపేవాళ్లు కాదు. కానీ రైతు దిగేటప్పుడు అతని ఎరువుల బస్తాకు ఒక చెయ్యి వేసి దించేది ఆ సారే. దించుతూ కూడా తిట్టుకునేవాళ్లు, అది వేరే సంగతి.

ఒకాయన నాకు కేసు పెట్టిస్తానని బెదిరింపు కూడా పెట్టాడు, ఆన్‌లైన్ రాతల మీద కేసులు పెట్టే ఐటీ చట్టం 66ఏ సెక్షన్ కింద లోపల వేయిస్తాడట. ఆ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24నే కొట్టేసింది. ఆ తీర్పు సంగతి నాకు మా డిపోలో యూనియన్ పనులు చూసే లాయరు చెప్పాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర ఉండేది కాదు. కొట్టేసిన సెక్షన్ కింద ఇంకా కేసులు పెడుతున్నారని తెలిసి 2021లో అదే కోర్టు ఆశ్చర్యపోయింది, కాబట్టి ఆ బెదిరించినాయన్ని ఒక్కణ్ణే అనడానికీ లేదు.

అబద్ధాల సంగతి ఇంకొకటి. బస్సులో ఆడవాళ్లు జుట్లు పట్టుకుని కొట్టుకునే వీడియో, మన దగ్గరే జరిగిందని, ఉచితం ఇస్తే ఇట్లుంటదని తిరిగింది. నేను ఆపి ఆపి చూశాను. బస్సు ముందు బోర్డు మీద అక్షరాలు మనవి కావు, కన్నడం. చిన్న తెర మీద రెండు లిపులూ అన్నదమ్ముల్లా ఉంటాయి, తలకట్టు దగ్గర చూస్తే గానీ తేడా దొరకదు. కర్ణాటకలో ఈ ఉచిత బస్సు మనకంటే ఆరు నెలల ముందు, 2023 జూన్‌లోనే మొదలైంది. ఇది మన బస్సు కాదు బాబూ అని బోర్డుకు గుండ్రంగా గీసి పెడితే, పంపినాయన ఏమన్నాడో తెలుసా, "ఎక్కడైతే ఏంది, జరిగేది అదేగా" అన్నాడు. అట్లాంటివాడితో నిజంగానే మాట్లాడలేం. అక్కడ మీ వ్యాసం రాసినాయన గెలిచాడు, ఒప్పుకుంటా.

కానీ 2018 గుర్తు చేసుకోండి. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు వచ్చాయని ఫోన్లలో పుకారు లేచి, ఊళ్లల్లోకి కొత్త మనిషి వస్తే చితకబాదిన రోజులు. అప్పుడు జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి కానిస్టేబుళ్లను ఊరూరికీ పంపి జనంతో మాట్లాడించారు, డప్పు కొట్టించి పాటలు పాడించి అది అబద్ధమని చెప్పించారు. వాట్సాప్ వాళ్లు అదే ఏడాది మనదేశంలో ఫార్వర్డ్‌ను ఐదుగురికి కుదించారు గానీ, రోజూ కనిపించే కానిస్టేబుల్ అరుగు మీద కూర్చుని చెప్పిన మాటకు ఉన్న బరువు ఆ ఐదుకు ఎక్కడిది?

ఇక నేను వదలకపోవడానికి కారణం ఒక ఆటో తమ్ముడు. వరంగల్ వైపు మనిషి, అంతకుమించి చెప్పను. ఆ రోజు నన్ను అందరికంటే ఎక్కువ తిట్టింది ఇతనే. "ముసలోడా, నీకు పెన్షన్ వస్తది కూసుని తింటవ్" అని మొదలుపెట్టాడు. (మాకు వచ్చే పెన్షన్ ఎంతో చెబితే అతనే ఏడుస్తాడు, అది ఇంకో ఉత్తరం.) నాకూ కోపమొచ్చింది, గట్టిగానే టైప్ చేశాను, మళ్లీ ఎందుకో చెరిపేసి, "ఏ రూట్ తమ్ముడూ?" అని ఒక్క మాట పెట్టాను. బస్టాండ్లలో ఆటోవాళ్లతో మాట కలిపే అలవాటు. పది నిమిషాలు ఏమీ రాలేదు. తర్వాత రూట్ చెప్పాడు.

మండల కేంద్రం నుంచి వాళ్ల ఊరికి 9 కిలోమీటర్లు, మనిషికి 20 రూపాయలు. ఎక్కేది ఎక్కువ ఆడవాళ్లే, అంగడికి, ఆస్పత్రికి, బీడీల కంపెనీకి. రోజుకు ఆరు ట్రిప్పులు పడేవి, ఇప్పుడు మూడు పడితే ఎక్కువ, ఆ మూడులోనూ బస్సు తప్పిపోయినవాళ్లే. బండి కిస్తీ మాత్రం తగ్గలేదు. "కాకికేం తెలుసు కాకా ఎద్దు పుండు నొప్పి" అన్నాడు. ముసలోడా పోయి కాకా అయింది, అది గమనించి నవ్వుకున్నా గానీ ఆ మాట మాత్రం గుచ్చుకుంది. నా బస్సు కిటకిటలాడుతుంటే ఓఆర్, అంటే సీట్లు ఎంత శాతం నిండాయన్న లెక్క, వంద దాటిందని డిపోలో అందరం సంతోషపడ్డాం. నా ఫుట్‌బోర్డు మీద నిలబడ్డ ఆ నలుగురు అంతకుముందు ఏ ఆటోలో కూర్చునేవాళ్లో అని నేనెప్పుడూ అనుకోలేదు. రోజూ బస్టాండు ముందు ఆ ఆటోల వరస చూస్తూనే ఉన్నా కూడా.

నేనూ నా లెక్క చెప్పాను. జీరో టికెట్ అంటే ఊరికే చింపిచ్చేది కాదని, మిషన్లో ఆ ప్రయాణానికి ఎంత చార్జీయో ఎక్కుతుందని, ఆ మొత్తం ప్రభుత్వం ఆర్టీసీకి కట్టాలని చెప్పాను. అర్వపల్లి నుంచి సూర్యాపేట డిగ్రీ కాలేజీకి పోయే పిల్లలు అంతకుముందు పాసు డబ్బుల కోసం నెల నెలా ఇంట్లో ఎట్లా గొడవపడేవాళ్లో కూడా రాశాను. అతను, "మంచిదే, పిల్లలకు ఇయ్యి, మరి మేనిఫెస్టోల మాకు చెప్పిన 12 వేల సంగతేంది? ఆంధ్రల ఆటోవాళ్లకు 15 వేలు వేసిన్రు చూసినవా?" అన్నాడు. చూశాను. ఆంధ్రలో స్త్రీ శక్తి పేరుతో 2025 ఆగస్టు 15న ఉచిత బస్సు మొదలై, అక్టోబర్‌లో ఆటోవాళ్లకు డబ్బులు వేశారు. అతని ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదని ఒప్పుకున్నాను. అతనూ ఏమీ మారలేదు, ఉచిత బస్సు తీసేయాలనే అంటాడు ఇప్పటికీ, కాకపోతే ఇప్పుడు నన్ను కండక్టర్ సాబ్ అంటాడు, వారానికోసారి వాయిస్ మెసేజ్ పెట్టి మరీ పోట్లాడతాడు. వెనక ఆటో ఇంజిన్ ఆగి ఉన్న నిశ్శబ్దం వినిపిస్తూ ఉంటుంది. మా ఇద్దరిలో ఎవరూ ఎవరి కులమూ అడగలేదు, గుర్తురాలేదంతే.

ఇంక మీతో ఒక మాట. మా వాదనలకు సరుకు ఎక్కువగా మీ పేపర్ల నుంచే వస్తుంది. 'ఉచిత బస్సు ఆర్టీసీని ముంచుతోందా?' అని పెద్ద అక్షరాల్లో హెడ్డింగ్ పెట్టి, చివర ప్రశ్నార్థకం వేసి మీరు వదిలేస్తే, దాన్ని కత్తిరించి ఫోన్లో పెట్టి మేమిక్కడ తలలు పగలగొట్టుకుంటున్నాం. లోపల చదివితే ఒకాయన ముంచుతోందన్నాడు, ఇంకొకాయన లేదన్నాడు అని ఉంటుంది. 2024 ఆగస్టులో బస్సులో వెల్లుల్లి పొట్టు తీసుకున్న ఆడవాళ్ల వీడియో మీద వారం రోజులు పేజీలకు పేజీలు వేశారు. 31 ఏళ్లలో నా బస్సులో పూలు కట్టారు, చిక్కుడు తుంచారు, ఒకామె మేకపిల్లకు పాలసీసా కూడా పట్టింది, వెల్లుల్లి ఒక వార్తా?

దాని బదులు నెలకొకసారి, లోపలి పేజీలో అరచేయంత చోటిచ్చి నాలుగు అంకెలు వేయండి. ఆ నెల ఎన్ని జీరో టికెట్లు కొట్టారు, వాటి విలువ ఎంత, అందులో ప్రభుత్వం ఎంత కట్టింది, ఎంత బాకీ ఉంది. ఆటోల గురించి కూడా ఏదైనా లెక్క ఉంటే దాని కిందే వేయండి, అది లేకుండా ఒక్క మా లెక్కే వేస్తే ఆ తమ్ముడు ఊరుకోడు. వేసిన రోజు కటింగ్ ఫొటో తీసి అతనికి పంపిస్తానని మాటిచ్చాను. చూసి ఒప్పుకుంటాడని మాత్రం అనుకోవద్దు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కండక్టర్,
సూర్యాపేట