మీ గేమ్ తప్పును నా కన్సోల్ మీదకు నెట్టడంపై ఫిర్యాదు

కస్టమర్ కేర్ వారికి,

విషయం: పీఎస్4 (ప్లేస్టేషన్ 4) కన్సోల్‌లో మీ గేమ్ సంత సీన్ ఆగి ఆగి నడవడం గురించి

అయ్యా,

రావులపాలెంలో చిన్న గేమింగ్ సెంటర్ నడుపుతున్నాను. మీ గేమ్ పీఎస్4 డిస్కు 3,999 రూపాయలు పెట్టి కొన్నాను. మొదట్లో బాగానే ఆడింది. హీరో సంతలోకి అడుగు పెట్టినప్పటి నుంచీ బొమ్మ తడబడుతోంది. గంటకు 50 రూపాయలిచ్చి ఆడే పిల్లలు "అన్నా, కంట్రోలర్ పోయింది" అని తెచ్చి నా చేతికిస్తున్నారు.

మీకు రాస్తే "మీ కన్సోల్ పాతది, పీఎస్5లో ఆడండి" అని చేతులు దులుపుకున్నారు.

ఆ మాట నమ్మి ముందు నా మిషన్‌నే అనుమానించాను. గోదావరి పక్కన గాలిలో తేమ ఎక్కువ, దుమ్ము ఫ్యాన్‌కు ముద్దలా అంటుకుంటుంది. విప్పి శుభ్రం చేశాను, ప్రాసెసర్ వేడిని బయటికి లాగే థర్మల్ పేస్ట్ మార్చాను, హార్డ్ డిస్క్ తీసి దానికంటే వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ వేశాను. లోడింగ్ తొందరగా అవుతోంది గానీ సంతలో ఏ మార్పూ లేదు. అప్పుడు ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి, సెకనుకు 240 ఫ్రేముల (విడి బొమ్మల) లెక్కన టీవీని వీడియో తీశాను. మీ గేమ్ సెకనుకు 30 ఫ్రేములతో నడవాలి కాబట్టి ఒక్కో బొమ్మ నా వీడియోలో 8 ఫ్రేములు నిలవాలి. ఊరి బయట 8, 8, 8 అని సరిగ్గా వచ్చింది. సంతలో పూలకొట్టు మలుపు దగ్గర 8, 24, 8, 20, అంటే కొన్ని బొమ్మలు ఉండాల్సిన దానికంటే చాలాసేపు నిలిచిపోతున్నాయి. రెండో కన్సోల్‌లోనూ అదే మలుపు, అదే తడబాటు. వేడి వల్లో దుమ్ము వల్లో అయితే రోజూ అక్కడే ఎందుకు ఆగుతుంది?

ఇంకొకటి చూశాను. హీరోని గోడవైపు తిప్పి నిలబెట్టినా తడబాటు పోలేదు. తెర మీద గోడ తప్ప ఏమీ లేదు. వెనకాల కనబడని జనం కోసం కూడా మీ ప్రోగ్రామ్ ప్రాసెసర్‌ను అరగదీస్తోందని నా అనుమానం. రాత్రిపూట సంత ఖాళీ అయ్యాక అదే చోట ఆట సాఫీగా ఉంది.

హార్డ్‌వేర్‌తో పని లేదని నేననను. పీఎస్4 వచ్చింది 2013లో, దాని ప్రాసెసర్ వేగం 1.6 గిగాహెర్ట్జ్. పీఎస్5 ప్రాసెసర్ దానికి రెట్టింపు కంటే వేగంగా నడుస్తుంది, అందుకే మీ తప్పు అందులో బయటపడదేమో. కానీ ఇదే పాత మిషన్ మీద మా పిల్లలు 2018లో వచ్చిన రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 గేమ్‌లో సెయింట్ డెనిస్ అనే రద్దీ నగరం వీధుల్లో గుర్రమెక్కి తిరుగుతున్నారు. ఆ గేమ్‌కు ఒక్కరూ కంట్రోలర్ తెచ్చి ఇవ్వలేదు. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ గేమ్ మొత్తం 40 కిలోబైట్లలో ఇమిడింది. చోటు చాలక ఆకాశంలో మబ్బుకూ నేల మీద పొదకూ ఒకే బొమ్మ వాడి, రంగు మార్చారు. మా దగ్గర ఆత్రేయపురంలో పూతరేకులు తీసే కుండ ఎవరింట్లో అయినా ఒకలాంటిదే. పిండి జారుడు, మంట, తడిగుడ్డను లాగే చెయ్యి, వీటిలోనే తేడా అంతా. రేకు చిరిగితే అక్కడ ఎవరూ కుండను తిట్టరు.

డబ్బా మీద పీఎస్4 అని అచ్చువేసి అమ్మింది మీరే. సంత సీన్ సరిచేసే ప్యాచ్ ఏ తేదీకి ఇస్తారో 15 రోజుల్లో రాతపూర్వకంగా చెప్పండి. కుదరకపోతే నా డబ్బు వాపసు ఇవ్వండి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేస్తాను. వీడియోలు, బిల్లు నకలు జతచేశాను.

ఇట్లు,
గేమింగ్ సెంటర్ యజమాని,
రావులపాలెం, కోనసీమ